దానికేం తెలుసండీ అన్నారు

బధిరుల పాఠశాలల్లో టీచర్లుగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైనదాన్ని కదా, తీరిక బోలెడు. కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను. వాళ్ళు అడిగేవాటిలో ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా ఉంటుంది. "మేడం, భాష లేకుండా ఆలోచన ఉంటుందాండీ?" అని. వాళ్ళ సిలబస్‌లో ఉంటుందట, పెద్ద ప్రశ్నగా వస్తుందట. పరీక్షలో ఏం రాయాలో వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. నాకు తెలిసింది ఒక మనిషి గురించి. అది రాస్తే మార్కులు పడతాయో లేదో చెప్పలేను గానీ, వినండి.

తొంభైల చివరి రోజులు. రాజమండ్రిలో బధిరుల పాఠశాలలో పనిచేసేదాన్ని. అప్పట్లో మా బడిలో చేతులతో సైగలు చెయ్యడం నిషేధం. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవాలి, టీచరు గొంతు మీద చెయ్యి వేసి ఆ అదురు పట్టుకుని పలకాలి. అదే చదువు. పిల్లలు తరగతిలో చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. హాస్టల్‌కి వెళ్ళగానే ఆ చేతులు విప్పితే ఇక ఆపేవాళ్ళు లేరు. కొన్నాళ్ళు వార్డెన్‌గా ఉన్నాను కాబట్టి ఆ సైగలన్నీ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. హెడ్మాస్టరు గారికి తెలిసినా తెలియనట్టే ఉండేవారు.

దొంగచాటుగా నేర్చుకున్న ఆ విద్య వల్లే నన్ను ఒక ప్రాజెక్టులోకి తీసుకున్నారు. హైదరాబాద్ నుంచి ఒక భాషాశాస్త్రం ప్రొఫెసర్ గారు, విశాఖపట్నం నుంచి మనస్తత్వశాస్త్రం చదివిన ఒక యువతి కలిసి చేపట్టిన పని అది. ఒక మెదడు డాక్టరు గారి పేరు కూడా కాగితం మీద ఉండేది గానీ ఆయన ఏనాడూ గోదావరి దాటి రాలేదు. పుట్టు చెవుడుతో, బడి మొహం చూడకుండా, ఏ భాషా రాకుండా పెద్దవాళ్ళైనవాళ్ళు ఎలా ఆలోచిస్తారో పరిశీలించడం వాళ్ళ ఉద్దేశం. అలాంటివాళ్ళని వెతికి పట్టుకోవడం, వాళ్ళ ఇంటి సైగలు నేర్చుకుని మిగతా ఇద్దరికీ చెప్పడం నా పని.

వెతుకుతుండగా ఒక పాస్టరు గారు మా బడికి వచ్చారు. కోనసీమలో సముద్రం దగ్గరి పల్లె ఆయనది. సన్నగా, పొడుగ్గా, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

"టీచరు గారండీ, మా సంఘంలో ఒక మూగ పిల్ల ఉందండి. పెళ్ళి చెయ్యమని నన్ను తొందరపెడుతున్నారు. దేవుడి ఎదుట నిలబెట్టి 'నీకు ఇష్టమేనా' అని అడగాలి కదండీ నేను. ఆ పిల్ల అవునన్నా కాదన్నా నాకెలా తెలుస్తుంది? అసలు నేనడిగింది ఏంటో దానికి తెలుస్తుందా? ఇది తేలేదాకా నేను పెళ్ళి చెయ్యలేనండి."

పై ఊళ్ళ నుంచి వచ్చిన పండితులు పెద్ద పెద్ద మాటల్లో అడుగుతున్న ప్రశ్ననే ఆయన తన కష్టంగా తెచ్చుకుని వచ్చారు. ప్రొఫెసర్ గారికి చెబితే ఎగిరి గంతేశారు.

కడియం తోటల పక్కనుంచి బస్సులో కోటిపల్లి, అక్కడ పంటు మీద నది దాటి, అవతలి ఒడ్డున ఆటో. ఆ దారిన చాలాసార్లు తిరిగాం. ఇల్లు కాలవ గట్టు మీద, కొబ్బరాకు పాక. ఇంట్లో తల్లి, ఆ అమ్మాయి, ఆ అమ్మాయి అక్క కూతురు. ఆ పసిదానికి అప్పుడు నాలుగేళ్ళుంటాయి. పక్క పాకలో బావ, అంటే ఆ పిల్ల తండ్రి. కొబ్బరి దింపు తీసే పని అతనిది.

ఆ అమ్మాయికి ముప్పై దాటి ఉండవు. మంచి ఒడ్డూ పొడుగూ, చురుకైన కళ్ళు. ఊళ్ళో అందరూ 'మూగది' అనేవారు. బాప్తిస్మం పేరు ఒకటుంది, అది రిజిస్టర్లో తప్ప ఎవరి నోటా ఉండేది కాదు. తనకైతే అసలు తెలియదు. కానీ తను మాత్రం ప్రతి ఒక్కరికీ ఒక పేరు పెట్టుకుంది. బావంటే రెండు చేతులతో చెట్టును వాటేసుకున్నట్టు చూపించేది. పాస్టరు గారంటే మెడ కింద తెల్ల పట్టీ. నేను వెళ్ళిన రెండో రోజుకే నాకూ పేరొచ్చింది. ముక్కు మీద కళ్ళజోడు పైకి తోసుకున్నట్టు. నేనెప్పుడూ అలా తోసుకుంటానని అప్పటిదాకా నాకే తెలియదు.

గడ్డం కింద పుట్టుమచ్చ ఉన్నట్టు వేలితో తాకితే అక్క. తల్లి చెప్పింది నాకా సంగతి. ఈ ఇంటి సైగలన్నీ అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు కలిసి అల్లుకున్నవేనట. తల్లికి సగం వచ్చు, బావకి కొంచెం వచ్చు. పూర్తిగా వచ్చినవాళ్ళు ఆ ఇద్దరే.

"పెద్దమ్మాయి ఎక్కడుందండీ?" అన్నాను.

"కువైట్ వెళ్ళిందండి," అని ఊరుకుంది.

కోనసీమలో ఆ మాట వింటే ఇంక వివరాలు అడగనక్కర్లేదు. ఇళ్ళల్లో పనికి ఆడవాళ్ళు వెళ్ళని వీధి ఉండేది కాదు.

పరీక్షలు మొదలుపెట్టాం. బొమ్మల అట్టలు వరసలో పేర్చడం, ఒకే రకం వస్తువులు ఏరడం, గవ్వలు లెక్కకు సరిపెట్టడం. కొన్ని చకచకా చేసేసేది. కొన్నిటికి విసుక్కుని లేచిపోయి పొయ్యి రాజేసుకునేది. మనస్తత్వశాస్త్రం అమ్మాయికి అన్నిటికంటే ముఖ్యమైనది రెండు బొమ్మల ఆట. ఒక బొమ్మ నిమ్మకాయని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది. అది లేనప్పుడు రెండో బొమ్మ వచ్చి నిమ్మకాయ తీసి కుండలో దాచేస్తుంది. మొదటి బొమ్మ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? బుట్టలో వెతుకుతుందని చెప్పాలి. ఎందుకంటే కాయ మారిన సంగతి దానికి తెలియదు కదా. మనకి తెలిసింది ఎదుటివాళ్ళకి తెలియకపోవచ్చు అన్న ఎరుక ఉందా లేదా అని చూసే ఆట అది. మాటలొచ్చిన పిల్లలు బడికి వెళ్ళే వయసుకల్లా సరిగ్గా చెప్పేస్తారట.

ఆ అమ్మాయి ప్రతిసారీ కుండనే చూపించింది. నిమ్మకాయ అక్కడే ఉంది కాబట్టి అక్కడే చూపించింది. ఇంకోసారి అడిగితే, మాకు కనబడటం లేదనుకుందో ఏమో, కుండలోంచి కాయ తీసి నా చేతిలో పెట్టింది.

"చూశారా మేడం," అంది మనస్తత్వశాస్త్రం అమ్మాయి తిరుగు ప్రయాణంలో, పంటు మీద. మంచి పిల్ల, పనిలో నిజాయితీ ఉన్న పిల్ల. "ఇంకొకరి మనసులో ఏముందో ఊహించడానికి భాష కావాలండీ. 'అనుకున్నాడు', 'తెలియదు' లాంటి మాటలు వినకుండా పెరిగితే ఆ ఊహే తయారవ్వదు."

ప్రొఫెసర్ గారు తలూపారు. నాకూ సబబుగానే తోచింది. పరీక్ష మా కళ్ళ ముందే జరిగింది కదా.

పెళ్ళి సంగతి కదపకుండా కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు పాస్టరు గారే అడిగారు, మా ముందు ఇంట్లోవాళ్ళు ఆ సంగతి ఆమెకి మళ్ళీ చెప్పి చూడాలని. పెళ్ళికొడుకు ఎవరో నాకప్పటిదాకా తెలియదు. బావే.

అక్క భర్తతో పెళ్ళేంటి అని నేను తేరుకునేలోపు తల్లి మొదలుపెట్టేసింది. కూతురికి బావని చూపించి, మెడ చుట్టూ చెయ్యి తిప్పింది. తాళి కట్టడం. ఆ అమ్మాయి మొహం ఎర్రబడిపోయింది. గడ్డం కింద వేలు పెట్టింది, మెడ చుట్టూ చెయ్యి తిప్పింది, చెట్టును వాటేసుకున్నట్టు చూపించింది. మళ్ళీ అదే, ఇంకా గట్టిగా. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి తల్లి చేతిలో ఉన్న కొత్త చీర లాక్కుని కాలవలోకి విసిరింది. బావ వారించబోతే ఛాతీ మీద రెండు చేతులతో తోసింది. అతను వెనక్కి పడ్డాడు. పసిపిల్ల ఏడుపు అందుకుంది.

"ఇదిగోండి, ఎప్పుడూ ఇంతేనండి," అంది తల్లి. "పోయినసారి అతన్ని కర్రపుల్లతో కొట్టిందండి. చెబితే అర్థం కాదు. దానికేం తెలుసండీ."

బావ లేచి మట్టి దులుపుకున్నాడు. "నాకు బలవంతం ఏం లేదండి," అన్నాడు తల వంచుకుని. "పిల్లకి తల్లి ఉంటుందని అత్తమ్మ గారి ఆశ. అంతేనండి."

నాకు మాత్రం ఆ మూడు సైగలూ చదువుకున్న వాక్యంలా కనిపించాయి. అక్క, తాళి, బావ. ఇతను అక్క మొగుడు. అందులో పిచ్చేముంది?

చీర తియ్యడానికి తల్లి కాలవలోకి దిగింది. నేనూ గట్టు మీద చెయ్యి అందించడానికి వెళ్ళాను. "అమ్మా, పెద్దమ్మాయి ఒప్పుకుందా దీనికి?" అన్నాను.

తల్లి మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆగిపోయింది. తడిచీర పిండుతూ నా వైపు చూడకుండా చెప్పింది.

"అది లేదండి. అక్కడే పోయింది. రెండేళ్ళు దాటింది. ఏం జొరమో ఏంటో, ఫోనొచ్చింది. శవం తీసుకురావడం మావల్ల కాలేదండి. అక్కడే పాతిపెట్టేశారంట."

"మరి చిన్నమ్మాయికి?"

"చెప్పలేదండి. గుడిలో జ్ఞాపకార్థ కూటం పెట్టిన రోజు దీన్ని మా చెల్లెలి ఊరు పంపించేశాం. ఎలా చెబుతామండి? చెప్పినా దానికేం తెలుస్తుంది?" అని, ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని, "తెలిస్తే మాత్రం అది బతుకుతుందాండీ?" అంది.

తెలియదు, తెలిస్తే బతకదు. రెండు మాటలూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆవిడ ఒక కూతుర్ని మట్టి కూడా వెయ్యకుండా పోగొట్టుకుని, రెండో కూతురి ముందు రెండేళ్ళుగా ఏడవకుండా తిరిగిన మనిషి.

అప్పుడు నాకు ఇంకొకటి తట్టింది. నేను రాసుకున్న సైగల్లో ఒకటి పదే పదే వచ్చేది. గడ్డం కింద వేలు, చెయ్యి చాచి విమానం, తర్వాత రమ్మన్నట్టు పిలుపు, కనుబొమలు పైకి. అక్క ఎప్పుడొస్తుంది? దానికి ఇంట్లోవాళ్ళు చెయ్యి అలా దూరంగా ఊపేవాళ్ళు. తర్వాత, తర్వాత. అక్క కువైట్‌లోనే ఉందనుకుని నేను కూడా ఊరుకునేదాన్ని.

ఆ వారం రాజమండ్రిలో మేం ముగ్గురం కూర్చున్నాం. పాస్టరు గారు కూడా వచ్చారు. నేను సంగతంతా చెప్పాను. ఆమెది అర్థం కాని తనం కాదు, అక్క బతికే ఉందనుకుని అక్క సంసారం కాపాడుతోంది అన్నాను.

ప్రొఫెసర్ గారు చాలాసేపు కళ్ళు మూసుకుని విన్నారు. "అమ్మా, మనం చూడటానికి వచ్చాం. వాళ్ళింటి సంగతుల్లో చెయ్యి పెట్టడానికి కాదు," అన్నారు.

మనస్తత్వశాస్త్రం అమ్మాయి భయం వేరు. "తట్టుకోలేక ఏమైనా చేసుకుంటే బాధ్యత ఎవరిదండీ? అసలు ఆమెకి చావు అంటే ఏంటో తెలుసా?"

"తెలుసు," అన్నాను. "వాళ్ళ నాన్న పోయినప్పుడు సమాధి దాకా వెళ్ళింది. కళ్ళు మూసి, చేతులు గుండె మీద పెట్టి, మట్టి వేసినట్టు చూపిస్తుంది. కోడిపిల్ల చచ్చినా అదే సైగ."

"కూటంలో ప్రార్థన చేసింది నేనేనండి," అన్నారు పాస్టరు గారు. "ఆ పిల్ల ఏదని నేను అడగలేదు. ఇప్పుడు ఇష్టమేనా అని అడగడానికి తయారయ్యాను. ముందు చెప్పాల్సింది చెప్పకుండా ఇష్టం అడిగితే అది అడగడమేనాండీ?"

తల్లి ఒప్పుకుంటే చెప్పాలి, చెప్పేది తల్లే కావాలి, మేం పక్కన ఉండాలి అని తేల్చుకున్నాం. తల్లిని ఒప్పించడానికి పాస్టరు గారికి చాలా రోజులు పట్టింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాం. పాక ముందు చాప పరిచారు. తల్లి తెల్లచీర కట్టుకుని ఉంది. బావ ఒక పక్కన గొంతుక్కూర్చున్నాడు. దడి అవతల పక్కింటావిడ నిలబడింది. ప్రొఫెసర్ గారు ఎప్పటిలాగే వీడియో కెమెరా తెచ్చారు. స్టాండు బిగించి, అందులోంచి ఒకసారి చూసి, ఏమనుకున్నారో మూత పెట్టేసి సంచిలో సర్దేశారు. అన్నేళ్ళ పరిశోధనలో ఆయనకి అంతకన్నా విలువైన టేపు దొరికి ఉండేది కాదు. ఆ సంగతి ఆయనకి తెలుసు.

తల్లి కూతురి ఎదురుగా కూర్చుంది. గడ్డం కింద వేలు పెట్టింది. ఆ అమ్మాయి మొహం విచ్చుకుంది. ఉత్తరమో, ఎవరిచేతైనా వచ్చిన చీరో అనుకుని ఉంటుంది. తల్లి కళ్ళు మూసుకుంది. చేతులు గుండె మీద పెట్టుకుంది. ఆ తర్వాత మట్టి వేసే సైగ చెయ్యాలి. ఆవిడ చెయ్యి లేవలేదు. పాస్టరు గారు వంగి ఏదో మెల్లిగా అన్నారు. అప్పుడు పిడికెడు మట్టి నిజంగానే నేల మీంచి తీసి వదిలింది.

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. నవ్వింది కూడా. చెయ్యి చాచి విమానం చూపించింది. కాదమ్మా, అక్క అక్కడుంది. తల్లి మళ్ళీ మొదటినుంచి చేసింది. ఈసారి ఆ అమ్మాయి నవ్వలేదు. బావ వైపు తిరిగింది. అతను ముందు విమానం చూపించి, తర్వాత కళ్ళు మూసి, మట్టి చూపించాడు. అతని చేతులు చెట్లెక్కి కాయలు కాచిన చేతులు. అవి అంత మెత్తగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

ఆమె కదలకుండా కూర్చుంది. పసిపిల్ల వచ్చి ఒళ్ళో ఎక్కితే ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది గానీ చూపు మాత్రం నేల మీదే ఉంది.

తర్వాత తలెత్తింది. తల్లి వైపు వేలు చూపించి, ఆ వేలితో తన కణత తట్టుకుని, కనుబొమలెత్తింది. 'తెలుసు' అనే సైగ అది. నీకు తెలుసా? తల్లి తలూపింది. వేలు బావ వైపు తిరిగింది. నీకు? అతను తలూపాడు. పాస్టరు గారికి? ఆయన తలూపారు. దడి అవతలి పక్కింటావిడకి? ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రొఫెసర్ గారికి? మనస్తత్వశాస్త్రం అమ్మాయికి? వరసగా, ఎవరినీ వదలకుండా అడిగింది. చివరికి నా వైపు చూసి ముక్కు మీద కళ్ళజోడు తోసుకున్నట్టు చేసి, కణత తట్టింది. నేనూ తలూపాను.

అప్పుడు తన గుండె మీద చెయ్యి వేసుకుంది. కణత తట్టుకుంది. అరచెయ్యి తెరిచి మాకందరికీ చూపించింది. ఖాళీ చెయ్యి.

మీ అందరికీ తెలుసు. నాకు తెలియదు.

నా పక్కనున్న మనస్తత్వశాస్త్రం అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "మేడం," అంది. మేం నిమ్మకాయతో, బుట్టతో, కుండతో ఏ ఎరుక లేదని తేల్చామో ఆ ఎరుక మా ఎదురుగా కూర్చుని మమ్మల్ని ఒక్కొక్కరినీ నిలదీస్తోంది. ఎవరికి ఏది తెలుసు, ఎవరి దగ్గర ఏది దాచారు, ఎవరు దాచారు, అన్నీ ఆమెకి తెలుస్తున్నాయి. అంతకుముందు ఎందుకు తెలియలేదంటే బొమ్మల సంగతి ఆమెకి అక్కర్లేదు కాబట్టి కావచ్చు. లేదా మేం ఆడిన ఆటే ఆమెకి అర్థం కాలేదు కావచ్చు. ఇప్పటికీ నాకు ఇదమిత్థంగా తెలియదు. ఒక్క మనిషిని చూసి సిద్ధాంతాలు చెప్పకూడదని ప్రొఫెసర్ గారే నాకు నేర్పారు.

ఆ తర్వాత ఏడ్చింది. గొంతు ఎలా వాడాలో తెలియని మనిషి ఏడుపు. వీధి వీధంతా వచ్చేసింది. ఎవరూ ఊరుకోమనలేదు. తల్లి కూడా ఆ రోజే మొదటిసారి బయటికి ఏడ్చిందని తర్వాత పక్కింటావిడ చెప్పింది. ఇద్దరూ ఒకరి మెడ మీద ఒకరు పడి సాయంత్రం దాకా ఏడ్చారు.

పొద్దు వాలే ముందు ఆ అమ్మాయి లేచి ఇంట్లోకి వెళ్ళింది. ట్రంకు పెట్టెలోంచి అక్క చీర ఒకటి తెచ్చింది. ఎవరినీ పిలవకుండా సమాధుల దొడ్డి వైపు నడిచింది. మేం వెనకాలే వెళ్ళాం. తండ్రి సమాధి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. బావ పరిగెత్తి వెళ్ళి పార తెచ్చాడు. చీర మడత విప్పకుండా అందులో పెట్టి మట్టి కప్పింది. తర్వాత పాస్టరు గారి వైపు చూసి మెడ కింద పట్టీ చూపించి, రెండు చేతులూ జోడించింది.

సంఘ పెద్ద ఒకాయన గొణిగాడు. "చీరకి సమాధి ప్రార్థన ఏంటండి అయ్యగారూ? ఎక్కడైనా ఉందాండీ?"

"ఉందో లేదో నాకు తెలీదండి. ఆ పిల్ల అడిగింది, నేను చేస్తున్నాను," అని ఆయన పుస్తకం తెరిచారు. నేను ఆ ప్రార్థనని నా చేతనైన సైగల్లో ఆమెకి చెప్పాను. మట్టి, నిద్ర, లేవడం. అంతకన్నా నాకు చేతకాలేదు.

కొన్ని నెలలు పోయాక పాస్టరు గారు మళ్ళీ కబురు పెట్టారు. ఇప్పుడు ఆమెకి అన్నీ తెలుసు కాబట్టి పెళ్ళి మాట అడగాలని. ఈసారి చీర లేదు, తొందర లేదు. గుడిలో బల్ల ముందు కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగాం. అక్క లేదు. బావ ఒంటరివాడు. నీ మెడలో తాళి. ఇష్టమేనా?

ఆమె కోప్పడలేదు. చాలాసేపు ఆలోచించింది. తర్వాత పసిపిల్లని దగ్గరికి లాక్కుని తన గుండెకి హత్తుకుంది. బావని చూపించి, గడ్డం కింద వేలు పెట్టి, ఆ వేలిని అక్కడే ఉంచింది. తర్వాత చెయ్యి దూరంగా, ఊరి అవతలికి చూపించి, మెడ చుట్టూ తిప్పింది. పిల్ల నాది. ఇతను అక్కవాడే. కావాలంటే బయట ఎవరినైనా చేసుకోమను.

తల్లి నిట్టూర్చింది. సంఘ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టరు గారు మాత్రం, "అడిగాం, చెప్పింది. అయిపోయిందండి," అని లేచారు. బావ ఆమె ఎదురుగా వచ్చి నిలబడి చేతులు జోడించాడు. ఆ మరుసటి ఏడు అతను పక్క ఊళ్ళో పెళ్ళి చేసుకున్నాడు. నెలనెలా వచ్చి కూతుర్ని చూసి వెళ్ళేవాడు. మంచివాడే.

మా హాస్టల్లో ఆయా పని ఖాళీ అయితే నేను ఆమెని రాజమండ్రి తెప్పించాను. పిల్లని పక్క వీధి మున్సిపల్ బడిలో వేశాం. పొద్దంతా పని, సాయంత్రం హాస్టల్ పిల్లల మధ్య కూర్చునేది. ముప్పై ఏళ్ళ మనిషి, తన నడుం దాకా రాని పిల్లల దగ్గర సైగల భాష నేర్చుకుంది. వాళ్ళు తప్పు చేస్తే నవ్వేవాళ్ళు, తనూ నవ్వేది. మొదట వస్తువుల పేర్లు, తర్వాత మనుషుల పేర్లు, తర్వాత 'ఎందుకు'. ఆ 'ఎందుకు' వచ్చాక మా ప్రాణాలు తోడేసింది. వర్షం ఎందుకు, జీతం ఒకటో తారీఖునే ఎందుకు, హెడ్మాస్టరు గారు సైగలు ఎందుకు వద్దంటారు.

కొన్నేళ్ళ తర్వాత ప్రొఫెసర్ గారు వచ్చారు. అప్పటికి ఆయనా రిటైరయ్యారు. ప్రాజెక్టు ఎప్పుడో ముగిసింది, ఏదో అడగాలనిపించి వచ్చానన్నారు. హాస్టల్ వరండాలో కూర్చున్నాం. ఆ రోజు ఊరి నుంచి తల్లి కూడా వచ్చి ఉంది, మనవరాలికి సున్నుండలు పట్టుకుని. కూతురు ఇప్పుడు మాట్లాడే సైగలు ఆవిడకి తెలియవు. గోడకి ఆనుకుని మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది.

ప్రొఫెసర్ గారు నాతో అడిగించారు. "ఈ భాష రాకముందు, ఆ రెండేళ్ళూ, అక్క కోసం ఎదురుచూస్తున్నప్పుడు, నీ లోపల ఏం జరిగేది? ఏమనుకునేదానివి? గుర్తుందా?"

ఇలాంటివాళ్ళలో చాలామంది ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేరని ఆయన ముందే నాతో అన్నారు. ఆమె మాత్రం తడుముకోలేదు.

గుర్తుంది, అంది. అక్కకి నా మీద కోపం అనుకున్నాను. వెళ్ళే ముందు రోజు అక్కతో దెబ్బలాడాను, వెళ్ళొద్దని. జడ పట్టుకుని లాగాను. దువ్వెన విరిగింది. అక్క నన్ను కొట్టింది. పొద్దున్న వెళ్ళేటప్పుడు నేను బయటికి రాలేదు. అందుకే అక్క రావడం లేదనుకున్నాను. రోజూ అదే అనుకున్నాను. అమ్మ 'తర్వాత, తర్వాత' అంటే, అమ్మకి కూడా అక్క కోపం సంగతి తెలుసు, నాకు చెప్పడం లేదు అనుకున్నాను.

నేను ఆ మాటలు ప్రొఫెసర్ గారికి తెలుగులో చెప్పబోయి, ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆయన సైగలు రాని మనిషి. నా మొహం చూసి, ఇంక అడగొద్దన్నట్టు చెయ్యి ఎత్తారు.

తల్లి గోడ దగ్గర్నుంచి ముందుకి జరిగింది. "ఏమంటోందండీ? వాళ్ళ అక్క గురించేనా? ఏమంటోంది?"

ఆ అమ్మాయి తల్లి పెదవులు చూసింది, నన్ను చూసింది. తల్లికి కనబడకుండా పక్కకి తిరిగి, ఒళ్ళో చిన్నగా, నాకు మాత్రమే తెలిసేలా సైగ చేసింది.

అమ్మకి చెప్పకు. తట్టుకోలేదు.

నేను కళ్ళజోడు సర్దుకున్నాను. "అక్కంటే చాలా ఇష్టమని చెబుతోందండి," అన్నాను.

"ఆయ్, అవునండి. ప్రాణమండి దానికి," అంది తల్లి, సున్నుండల డబ్బా మూత తీస్తూ.